పట్నం లెక్క – చేను లెక్క

వాడిన వస్తువును పారేయకుండా తిరిగి వాడకంలోకి తేవాలన్న మాట నగరపాలక సంస్థల కాగితాల్లో ఇప్పుడు తరచు కనిపిస్తోంది. దీనికి 'వలయ ఆర్థిక వ్యవస్థ' అని పేరు పెట్టారు. రైతుకిది కొత్త పాఠమేమీ కాదు. గింజ ఇంటికి, గడ్డి గొడ్డుకి, పేడ పెంటకుప్పకి, పెంట మళ్లీ చేనుకి చేరేవి. ఆ చుట్టు తెగింది పట్నం దగ్గరే. తిండిగా, బట్టగా నేలనుంచి తీసుకున్నది తిరిగి నేలకు చేరకుండా పెట్టుబడిదారీ నగరం అడ్డుపడుతోందని 1867లోనే మార్క్స్ తన 'పెట్టుబడి' గ్రంథంలో చెప్పాడు.

తెగినదాన్ని కలుపుతామంటే కాదనేవాళ్లం కాము. ఎంత కలిసిందో కొలవడానికి 2024లో ఐఎస్ఓ 59020 అనే అంతర్జాతీయ ప్రమాణం కూడా వచ్చింది. కొలతతో మాకు పేచీ లేదు, ఎక్కడ నిలబడి కొలుస్తున్నారన్నదే పేచీ. నగరం లారీలను కాటా వేసి, ఇన్ని టన్నులు శుద్ధి చేశామని రాసుకుంటుంది. హైదరాబాదు చెంత జవహర్‌నగర్‌లో చెత్త కాల్చి కరెంటు తీస్తున్నారు. మంటలో పోయిన నత్రజని ఏ చేనుకు చేరినట్టు?

కంపోస్టు సంగతి చూద్దాం. ఎరువుల నియంత్రణ ఉత్తర్వు ప్రకారం నగర కంపోస్టులో నత్రజని 0.8 శాతం ఉంటే చాలు. అంటే టన్నుకు 8 కిలోలు. 45 కిలోల యూరియా బస్తాలో 20 కిలోల పైచిలుకు ఉంటుంది. ఒక్క బస్తాకు సాటి రావాలంటే రెండున్నర టన్నుల కంపోస్టు తోలుకోవాలి. ట్రాక్టరు కిరాయి ఎవరిస్తారు? కంపోస్టు అసలు బలం సేంద్రియ పదార్థంలో ఉంది. నేల గుల్లబారుతుంది, తేమ నిలుస్తుంది. అయితే ఆ ఫలితం అందడానికి ఏళ్లు పడుతుంది. వచ్చే ఏడు ఈ చేను తన చేతిలో ఉంటుందో ఉండదో తెలియని కౌలు రైతు దానిమీద డబ్బెందుకు పెడతాడు? ఈ ప్రశ్న ఏ నగరం సూచికలోనూ మాకు కనబడలేదు.

2016లో కేంద్రం టన్ను కంపోస్టుకు 1500 రూపాయల సాయం ప్రకటించింది. అది రైతు చేతికి కాదు, అమ్మే కంపెనీలకూ తయారుచేసేవాళ్లకూ ముట్టేది. 2021లో అదీ ఆగింది. ఆరేడు బస్తాల రసాయన ఎరువుకు మూడు నాలుగు బస్తాల కంపోస్టు జతచేసి అమ్మాలని 2016 నిబంధనల్లోనే రాశారు. యూరియాకు లంకె పెట్టి అక్కర్లేని సరుకు అంటగట్టే కొట్ల సంగతి రైతుకు తెలియనిది కాదు. 2025 ఖరీఫ్‌లో తెలంగాణలో యూరియా కోసం చెప్పులు వరసపెట్టి కాచుకున్నవాడికి ఆ లంకె ఎలా ఉంటుందో వేరే చెప్పాలా?

తడీ పొడీ కలిసిన చెత్తనుంచి వచ్చే ఎరువులో గాజుపెంకులు, ప్లాస్టిక్కు సరేసరి. సీసం కిలోకు 100 మిల్లీగ్రాములు, కాడ్మియం 5 మిల్లీగ్రాములు దాటరాదన్న హద్దు ఉంది. బస్తా విప్పే రైతుకు ఆ పరీక్ష కాగితం చూపించేదెవరు?

అడక్కుండా పల్లెకు వచ్చేది ఒకటుంది, మురుగు. హైదరాబాదు మురుగు మోసే మూసీ నీళ్లతో దిగువన పచ్చగడ్డీ వరీ పెరుగుతున్నాయి. ఆ గడ్డి మేసిన గేదెల పాలు మళ్లీ పట్నానికే పోతాయి. ఇదీ వలయమే!

కాబట్టి కాటా గట్టుమీద పెట్టండి. ఎన్ని టన్నులు చేనుకు చేరాయి, రైతుకు ఎంత పడింది, పరీక్షలో ఏం తేలింది — ఏటా మండలాలవారీగా ప్రకటించండి. రవాణా ఖర్చు చెత్త పుట్టించిన నగరమే భరించాలి. ఆ సాయం పట్టాదారు పాసుపుస్తకం చూసి కాదు, సాగు చేస్తున్నవాణ్ణి చూసి ఇవ్వాలి.