చదువరి చేతి జల్లెడ

పూర్వం పఠనాసక్తి గలవారి కష్టం ఒక్కటే: చదవడానికి కావలసినది దొరకకపోవడం. 1924లో ప్రారంభమై 1991 దాకా వెలువడిన ‘భారతి’ మాసపత్రిక వంటి వాటికి చందా కట్టిన పాఠకుడు తపాలా జవాను రాక కోసం నెలనెలా ఎదురు చూసేవాడు. అంతర్జాలం విస్తరించిన తరువాత ఆ కష్టం తలకిందులైంది. చదవదగినది, చదవనక్కరలేనిది కలిసి కొండలా పేరుకొనిపోయాయి. అందులో తనకు కావలసినదేదో తేల్చుకోవడమే పాఠకుడికి పెద్ద పని అయింది. ఈ రెండవ కష్టానికి పరిష్కారంగా వచ్చిన సాధనం ఫీడ్ రీడర్. నేటి విద్యార్థులలో చాలామంది దీని పేరైనా వినలేదు. వినకపోవడం వల్ల వారికి కలిగిన నష్టం చిన్నదేమీ కాదు.

బ్లాగు అనేది ఒక వ్యక్తి తన అభిరుచి మేరకు అంతర్జాలంలో నడుపుకొనే సొంత పత్రిక వంటిది. అందులోని ఒక్కొక్క రచనకు తెలుగు బ్లాగర్లు ‘టపా’ అని పేరు పెట్టుకున్నారు. దినపత్రికకు ఉన్నట్లు బ్లాగుకు వేళాపాళా ఉండదు. ఒకరు ప్రతిరోజూ వ్రాస్తారు. మరొకరు ఆరు నెలలకొకసారి వ్రాస్తారు. పది బ్లాగులను ఇష్టపడిన పాఠకుడు రోజూ పది వాకిళ్లు తట్టి చూడవలసి వచ్చేది. తొమ్మిది చోట్ల నిన్నటి టపాయే కనిపించేది. ఇంటర్నెట్ సెంటరులో గంటకింత అని చెల్లించి కూర్చున్న ఆనాటి విద్యార్థికి ఇది కాలహరణమే కాక ధనవ్యయం కూడా.

ఫీడ్ రీడర్ పనితీరు సరళమైనది. బ్లాగు తన పాఠకులకు చూపే పుటలతో పాటు, కంప్యూటర్లు సులువుగా చదువుకోగల ఒక చిన్న ఫైలును కూడా సిద్ధంగా ఉంచుతుంది. అదే ఫీడ్. ఇటీవలి టపాల శీర్షికలు, తేదీలు, లంకెలు, సారాంశమో పూర్తి పాఠమో అందులో ఒక నిర్ణీత క్రమంలో అమరి ఉంటాయి. పాఠకుడు తనకు నచ్చిన బ్లాగుల చిరునామాలను ఒక్కసారి ఫీడ్ రీడర్‌కు అప్పగిస్తే చాలు. అది కొంత వ్యవధికొకసారి ఆ ఫైళ్లను పరిశీలించి, కొత్తగా చేరిన టపాలను తెచ్చి వరుసగా పెడుతుంది. చదివినవి పక్కకు తొలగుతాయి, చదవనివి మిగిలి ఉంటాయి. ఇది రుసుము లేని చందా. పైగా ఈ చందాదారు తన పేరును గాని ఈ-మెయిల్ చిరునామాను గాని రచయితకు తెలపనవసరం లేదు. విసుగు పుట్టిన రోజున ఒక్క మీట నొక్కి చందా మానుకోవచ్చు. ఎవరికీ సంజాయిషీ చెప్పుకోనక్కరలేదు.

ఈ పద్ధతులలో ప్రసిద్ధమైన దానికి ఆర్‌ఎస్‌ఎస్ అని పేరు. 1999 మార్చిలో అమెరికాలోని నెట్‌స్కేప్ సంస్థ దీని తొలి రూపాన్ని వెలువరించింది. దానిని రూపొందించిన వారిలో డాన్ లిబ్బీ ఒకరు, మద్రాసు ఐ.ఐ.టి.లో చదివిన రామనాథన్ గుహ మరొకరు. 2000 సంవత్సరం చివర వచ్చిన 1.0 రూపకల్పనలో ఆరన్ స్వార్ట్జ్ అనే బాలుడు పాలు పంచుకున్నాడు. అప్పటికి అతని వయస్సు పద్నాలుగేళ్లు. ఇంటర్మీడియట్‌లో చేరే వయస్సు కూడా కాదది! 2002లో డేవ్ వైనర్ 2.0 రూపాన్ని తెచ్చాడు. మరుసటి ఏడాది ఆ ప్రమాణం హార్వర్డ్ విశ్వవిద్యాలయంలోని బెర్క్‌మన్ కేంద్రం అధీనంలోకి చేరి, అందరూ స్వేచ్ఛగా వాడుకోదగినదిగా ప్రకటితమైంది. ఏ ఒక్క వ్యాపార సంస్థ సొత్తూ కాకపోవడమే దీనికి ఆయుష్షు పోసింది. శబ్ద ఫైళ్లను జత చేసే వీలు కూడా ఈ పద్ధతిలో ఉంది. పాడ్‌కాస్ట్‌లు శ్రోతలను చేరే ప్రధాన మార్గం నేటికీ ఇదే. కనుక ఫీడ్ అనే మాట వినని విద్యార్థి సైతం తెలియకుండానే దానిని వాడుతూ ఉండవచ్చు.

తెలుగు చదువరులకు ఈ సాధనం చేసిన మేలు ప్రత్యేకంగా చెప్పదగినది. తొలినాళ్లలో తెలుగు పత్రికల వెబ్‌సైట్లు చాలావరకు ఎవరి ఫాంటు వారిదిగా నడిచాయి. ఒక చోట అక్షరాలుగా కనిపించినవి మరొక చోట పిచ్చిగీతలయ్యేవి. బ్లాగర్లు యూనికోడ్‌ను ఆశ్రయించారు. అందువల్ల వారి టపా ఏ కంప్యూటరుకు చేరినా, ఏ ఫీడ్ రీడర్‌లో తెరిచినా తెలుగుగానే నిలిచింది. హైదరాబాదులో వ్రాసినదీ అమెరికాలో వ్రాసినదీ ఒకే వరుసలో పక్కపక్కన కనిపించాయి. 2000 దశకం ద్వితీయార్ధంలో తెలుగు బ్లాగుల ఫీడ్లన్నింటినీ ఒక్కచోట చేర్చే సంకలినులు కూడా వెలిశాయి. ‘కూడలి’, ‘జల్లెడ’ అనేవి వాటిలో పేరుపొందినవి. ఈ రెండు పేర్లూ ఆలోచింపదగినవి. కూడలి నాలుగు దారులు కలిసే చోటు. అక్కడ నిలుచున్నవారికి వచ్చే పోయే వారందరూ కనిపిస్తారు. జల్లెడ ఇంట్లోని పనిముట్టు. పిండిని, నూకను వేరు చేస్తుంది. సంకలిని ఏ పేరు పెట్టుకున్నా అది చేసేది కూడలి పనే. పాఠకుడు తన కోసం అమర్చుకొన్న ఫీడ్ రీడర్ మాత్రం అసలైన జల్లెడ. దాని కన్నాలు ఎంత సన్నగా ఉండాలో అతడే నిర్ణయించుకుంటాడు.

ఆ నిర్ణయం క్రమంగా పాఠకుడి చేయి జారింది. 2006 సెప్టెంబరులో ఫేస్‌బుక్ ‘న్యూస్ ఫీడ్’ను ప్రవేశపెట్టింది. పేరు ఫీడే గాని అందులోని వరుసను నిర్ణయించేది చదువరి కాదు. 2016లో ట్విట్టర్, ఇన్‌స్టాగ్రామ్ సైతం కాలక్రమాన్ని పక్కకు నెట్టి, ఏది ముందు చూపాలో ఏది వెనుకకు నెట్టాలో తేల్చే పనిని అల్గారిథానికి అప్పగించాయి. ఎవరు దేనిని ఎంతసేపు చూశారు, దేనికి స్పందించారు అన్న లెక్కలను బట్టి అది నడుస్తుంది. ఈ సంస్థల ఆదాయం ప్రకటనల మీద ఆధారపడి ఉంది కాబట్టి చూపరి ఎంత ఎక్కువసేపు కూర్చుంటే వాటికి అంత లాభం. ఇందులో కుట్ర ఏమీ లేదు, ఉన్నది వ్యాపారం. అయితే వ్యాపారికి లాభమైనది చదువరికి కూడా లాభమే కావాలన్న నియమం లేదు.

ఇక్కడ అన్యాయానికి గురయ్యేది ముఖ్యంగా నిదానంగా వ్రాసే రచయిత. ఒక ఉపాధ్యాయుడు తన ఊరి గుడిలోని శాసనాన్ని ఓపికగా చదివాడనుకుందాం. అందులో పేర్కొన్న చెరువుగట్టు ఎక్కడుండేదో ఊరి పెద్దలను అడిగి, పొలాల వెంట తిరిగి తెలుసుకున్నాడు. ఆరు నెలల శ్రమ తరువాత నాలుగు పుటల టపా వ్రాశాడు. అతనికి రోజూ ఏదో ఒకటి చెప్పి జనం దృష్టిని నిలుపుకొనే నేర్పు లేదు, కోరికా లేదు. స్పందనల లెక్క మీద నడిచే వరుసలో అతని రచన గంట తిరగకుండానే అడుగున పడిపోతుంది. ఫీడ్ రీడర్ లెక్క వేరు. రోజూ వ్రాసేవారి ముప్పయ్యో టపా, ఈ ఉపాధ్యాయుడి ఒకే ఒక టపా అందులో సమాన గౌరవంతో నిలుస్తాయి. చదువరి తెరిచేదాకా ఆ టపా అక్కడే వేచి ఉంటుంది. తెలుగులో శాసనాలు, పల్లెపదాలు, వృత్తుల వారి మాటలు, వంటలు, విజ్ఞానశాస్త్రం వంటి విషయాలపై వ్రాసేవారిలో ఎక్కువమంది జీతం లేకుండా, తీరిక దొరికినప్పుడు మాత్రమే వ్రాసేవారు. వారికి పాఠకులను నిలిపే ఏర్పాటు లేకపోతే వారు వ్రాయడం మానుకుంటారు. 2010 తరువాత తెలుగు బ్లాగర్లలో చాలామంది ఫేస్‌బుక్‌కు తరలివెళ్లారు. అక్కడ వారికి స్పందనలు వెంటనే దొరికాయి. కానీ వ్రాసినదానిని ఏడాది తరువాత వెదకి పట్టుకోవడం వారికే కష్టమైంది.

ఫీడ్ రీడర్ చరిత్రలో ఒక పెద్ద దెబ్బ కూడా ఉంది. 2005 అక్టోబరులో గూగుల్ సంస్థ ‘గూగుల్ రీడర్’ను ప్రారంభించింది. అది ఉచితం, వేగవంతం, ఏ కంప్యూటరు నుండైనా అందుబాటులో ఉండేది. అనతికాలంలోనే ఎందరో దానినే నమ్ముకున్నారు. 2013 మార్చిలో ఆ సంస్థ వాడుక తగ్గిందన్న కారణం చెప్పి దానిని మూసివేయనున్నట్లు ప్రకటించింది. జూలై 1న మూసివేసింది. ప్రపంచవ్యాప్తంగా పాఠకులు నిరసన తెలిపినా ఫలితం లేకపోయింది. ఆనాడు చాలామంది ఫీడ్ల కథ ముగిసిందనుకున్నారు. అది పొరపాటు. మూతపడినది ఒక దుకాణం మాత్రమే, రహదారి కాదు. పాఠకులు తమ చందాల పట్టికను ఒక చిన్న ఫైలుగా దించుకొని ఫీడ్‌లీ వంటి ఇతర సాధనాలకు తరలిపోయారు. సామాజిక మాధ్యమాలలో ఒక చోటి నుండి మరొక చోటికి ఇంత తేలికగా మూట సర్దుకొని పోవడం సాధ్యం కాదు. అయితే ఒకే సంస్థ ఇచ్చే ఉచిత సౌకర్యంపై అందరూ ఆధారపడటం ఎంత అవివేకమో కూడా ఆ సంఘటన తెలియజేసింది.

ఈ సాధనంలో లోపాలు లేకపోలేదు. కంటికి నచ్చిన ప్రతి బ్లాగుకూ చందా కట్టిన ఉత్సాహవంతుడికి నెల తిరిగేసరికి చదవని టపాల సంఖ్య వేయి దాటుతుంది. ఆ అంకెను చూసి అతడు తీర్చవలసిన అప్పును తలచుకున్నట్లు బెంగపెట్టుకుంటాడు. నిజానికి ఆ అంకెకు భయపడవలసిన పని లేదు; ‘అన్నీ చదివినట్లే’ అని గుర్తించే మీట ప్రతి ఫీడ్ రీడర్‌లోనూ ఉంటుంది, దానిని నొక్కినందుకు పాపం అంటదు. ఇంతకంటే గట్టి ఆక్షేపణ మరొకటి. తానే ఏరుకున్నవాడు తనకు నచ్చిన అభిప్రాయాలనే ఏరుకొని, బావిలోని కప్ప అవుతాడని కొందరి వాదం. ఇది కొట్టిపారవేయదగినది కాదు. జల్లెడ పట్టేవాడి చేతిని బట్టే పిండి. కానీ అల్గారిథం చూపేదీ చూపరి పాత ఇష్టాలను బట్టి అల్లినదే. ఒక తేడా మాత్రం ఉంది: ఫీడ్ రీడర్‌లో పాఠకుడు తన పట్టికను తన కళ్లతో చూసుకోగలడు, తనతో విభేదించే రచయితను ఒకరినో ఇద్దరినో బుద్ధిపూర్వకంగా చేర్చుకోగలడు. అల్గారిథం పట్టిక అతనికి కనిపించదు.

కొత్త బ్లాగులను వెదకిపెట్టడం ఫీడ్ రీడర్ పని కాదన్నది కూడా నిజమే. అందుకు పాత పద్ధతే మిగిలింది. మంచి బ్లాగరు తాను చదివే ఇతరుల పేర్లను తన పుటలోనో టపాలోనో ప్రస్తావిస్తాడు. ఒకరి వెంట మరొకరు పరిచయమవుతారు. ఇందుకు కొంత సమయం పడుతుంది. గ్రంథాలయంలో ఒక పుస్తకం కోసం వెళ్లి పక్క బల్ల మీది పుస్తకంతో తిరిగివచ్చిన విద్యార్థికి ఈ తీరు కొత్త కాదు.

ఈ పని మొదలుపెట్టడానికి ఖర్చేమీ లేదు. బ్లాగర్, వర్డ్‌ప్రెస్ వేదికలపై నడిచే బ్లాగులకు ఫీడ్ దానంతట అదే తయారవుతుంది. భౌతికశాస్త్రం, చరిత్ర, క్రికెట్, సినిమా, ఏ విషయమైనా సరే, పది పన్నెండు బ్లాగులతో ఆరంభిస్తే రోజుకు అరగంటలో చదవడం పూర్తవుతుంది. పూర్తి కావడం అన్నమాట ఇక్కడ ముఖ్యం. వేలితో తోసేకొద్దీ వస్తూనే ఉండే తెరకు ఆ ముగింపు లేదు. తెలుగు బ్లాగులలో చాలావాటి చివరి టపా తేదీ ఏళ్ల నాటిది. వాటిని పట్టిక నుండి తొలగించవలసిన అవసరం లేదు, అవి చోటు ఆక్రమించవు. వాటిలో ఏ ఒక్కరైనా మూడేళ్ల తరువాత మళ్లీ కలం పట్టి ఒక టపా వ్రాస్తే, చందా మానుకోని ప్రతి పాఠకుడి వరుసలోనూ అది ఆ రోజు టపాలతో పాటు వచ్చి చేరుతుంది.