పోలికయు భావమును

ఈ మాసమున చిత్రకళనుగూర్చి కొంత ముచ్చటింప దలచితిమి. అది పండితులకు గాని మనకేల యని పుట త్రిప్పివేయకుడు. మన యింటి గోడను వ్రేలాడు పటమునకును దీనికిని సంబంధము కలదు.

మా యత్తగారు పరమపదించి యేడాది కావచ్చినది. ఆమె యెన్నడును ముచ్చటపడి ఫోటో తీయించుకొనలేదు. ఆధారు కార్డుమీది చిన్న ముఖమొక్కటియే మాకు మిగిలినది. సాంవత్సరికమునాటికి పటము కావలెనని దానినే యొక ఫోటో దుకాణమున నిచ్చి పెద్దది చేయించితిమి. వచ్చిన పటమున నల్లని యామె మేను పసిడివన్నె దాల్చినది. ముడుతలు మాసిపోయినవి. నొసటి పచ్చబొట్టు మాయమైనది. ఆమె యెరుగని పట్టుచీర యొకటి భుజమున నిలిచినది. చూచినవారెల్ల మెచ్చుకొనిరి. మా చిన్నమ్మాయి మాత్రము, "అమ్మా, ఈమె యెవరు?" అని యడిగినది.

పదునొకండేండ్ల యా పిల్ల పెరటి యరుగుమీద రెండు దినములు గూర్చుండి, పొయ్యిబొగ్గును, గడపలకు బూయు జాజును, పసుపును గైకొని, యొక యట్టమీద నాయనమ్మ ముఖమును వ్రాసినది. ఆ పిల్లకు నేర్పినవారెవరును లేరు. ఆ బొమ్మలో కన్నులు ముఖమున సగమున్నవి. ఒక భుజము క్రుంగియున్నది. మేనంతయు బొగ్గునలుపు, వెనుక నంతయు జాజు నెరుపు. మా పెద్ద యాడబిడ్డగారు చూచి, "మా యమ్మను దయ్యమును జేసినదే!" యని కంట తడి పెట్టిరి. మేమును పిల్లను గద్దించితిమి.

ఆ రాత్రి నిద్ర రాక, మావారు పాఠశాలనుండి తెచ్చియుంచిన చిత్రముల పుస్తకమును ద్రిప్పితిమి. అందు మొదట మా కంట బడినవి తోట వైకుంఠముగారి స్త్రీమూర్తులు. ఆయన మనకు దూరపువారు కారు. 1942లో ఉమ్మడి కరీంనగరము జిల్లా బూరుగుపల్లెలో జన్మించిరి. హైదరాబాదులోను, పిమ్మట బరోడాలో కె.జి. సుబ్రహ్మణ్యన్‌గారి యొద్దను చిత్రకళ నభ్యసించిరి. అంత చదివియు, తమ త్రోవను తెలంగాణపు పల్లెపడుచుల ముఖములందే కనుగొనిరి. ఆ స్త్రీలు నల్లనివారు. నొసట రూపాయంత కుంకుమ, ముక్కున నత్తు, ఎరుపు పసుపు చీరలు. ఒక్కతెనైనను తెలుపు చేసి చూపలేదు. అయినను ఆ ముఖముల ముందు రాణివాసపు పటములు వెలవెలబోవును.

వైకుంఠముగారు గురుముఖమున నేర్చినవారు. ఏ చిత్రశాలలోను చదువకయే ముఖములు వ్రాసిన మహనీయుడు రవీంద్రనాథ ఠాకూరు. తన వ్రాతప్రతులలో కొట్టివేసిన మాటలను గీతలతో గలుపుచు, ఆ గీతలలో పక్షులను, మృగములను, ముఖములను జూడసాగెను. అరువది యేండ్లు దాటిన పిమ్మట చిత్రలేఖనము నారంభించి, 1941లో మరణించులోపల రెండువేలకు పైగా చిత్రములు వ్రాసెను. 1930లో పారిసునగరమున ప్రదర్శింపబడిన తరువాతనే లోకము వానిని గుర్తించినది. అందు స్త్రీముఖము లనేకములు. కోలముఖము, ముసుగు, నవ్వెరుగని పెదవులు, చీకటిలోనుండి మనలను జూచు కన్నులు. పెక్కింటికి ఆయన పేరైనను పెట్టలేదు. అది యెవరి ముఖమని యడుగుటకు ముందే దాని దుఃఖము మనకు సోకును.

ఇట్టి వ్రాతకు పాశ్చాత్యులు ఎక్స్‌ప్రెషనిజ మని పేరిడిరి. కన్ను చూచిన కొలతకంటె మనస్సు పొందిన భావమే ముఖ్య మనుట దాని సారము. 1905లో జర్మనీలోని డ్రెస్డెను నగరమున నలుగురు వాస్తువిద్యార్థులు కూడి యొక సంఘము స్థాపించి, ఈ పద్ధతికి బలము తెచ్చిరి. వారి బొమ్మలలో ముఖము పచ్చగను నుండవచ్చును, ఆకాశ మెర్రగను నుండవచ్చును.

ఇది మనకు వింతయా? కామసూత్రములకు వ్యాఖ్య రచించిన యశోధరుడు చిత్రమునకు ఆరు అంగములు చెప్పెను. అందు సాదృశ్య మొకటి మాత్రమే, భావమును వేరొక యంగముగ నెంచెను. మా ఆసిఫాబాదు ప్రాంతమున దీపావళినాళ్ళలో గోండులు దండారి యాడుదురు. నెమలియీకల కిరీటము దాల్చి, మేన విభూతి పూసికొని గుస్సాడి వచ్చునప్పుడు, ఇది మన పొరుగువాని పోలిక కాదని యెవరైన నందురా? ఆ మార్పులోననే దేవత కానవచ్చునని కదా చేతులు మోడ్తుము.

అట్లని వంకరగీత యెల్ల చిత్రము కాదు. వంకరకు కారణ ముండవలెను. మరునాడు మేము పిల్లను దగ్గరకు దీసికొని, కన్ను లంత పెద్దవేల యని యడిగితిమి. "నేను అన్నము తినునంతసేపు నాయనమ్మ నన్నే చూచుచుండును గదా," యన్నది. భుజము క్రుంగిన దేల? "పెద్దవాగునుండి బిందెలు మోసిన భుజము అదే నని తానే చెప్పినది." మరి మేని నలుపో? ఆ ప్రశ్నకు పిల్ల తన చేతిని మా చేతి ప్రక్కన బెట్టి, "నాది నాయనమ్మ రంగే కదా, అమ్మా," యన్నది.

మేము మాటాడలేకపోతిమి. నాయనమ్మను తెలుపు చేయించి గోడ కెక్కించుటలో, ఆ రంగు దాచదగినదని మనుమరాలికి మేమే నేర్పుచుంటిమి. ఆ పాఠమును పిల్ల నేర్వనొల్లక బొగ్గు చేత బట్టినది.

ఆడబిడ్డగారు వాకిట నిలుచుండి యీ మాటలన్నియు వినిరి. సాంవత్సరికమునాడు దుకాణపు పటమునకే పూలదండ వేసితిమి, బంధువుల మాట కాదనలేదు. అందరును వెడలిన పిమ్మట ఆమెయే యట్టను దెచ్చి వంటింటి గూటిలో నిలిపి, "ఇచ్చటనే యుండనిమ్ము. అమ్మ యెప్పుడును ఇచ్చటనే యుండెడిది," యనిరి.

సోదరీమణులారా! పెద్దవారి పటములను పెద్దవి చేయించునపుడు మేనిరంగు మార్పవలదని, ముడుతలు మాపవలదని ముందుగనే చెప్పుడు. అసలు ఫోటోను పారవేయక, వెనుక పేరును ఊరును వ్రాసి దాచుడు. పిల్లలు ముఖములు వ్రాసినచో, కొలత తప్పినదని రబ్బరు నందీయక, ఇట్లేల వ్రాసితివని యొక్కమారు అడుగుడు. మేము గద్దించిన తరువాత నడిగితిమి. మీరు ముందే యడుగుడు.