హలాల్ ఫండుకైనా రుసుము అడగాలి

వడ్డీని వర్జించి, హజ్ యాత్రకో పిల్లల చదువుకో టాటా ఎథికల్ వంటి షరియా ఫండును ఆశ్రయించే కుటుంబాలు ఒక సంగతి గ్రహించాలి. ఒకే ఫండులో రెగ్యులర్, డైరెక్ట్ అని రెండు ప్లాన్లుంటాయి. కొనే షేర్లు ఒకటే, నిర్వాహకులూ ఒకరే. రెగ్యులర్‌లో మాత్రం ఏజెంటు కమీషన్ ఏటా మన సొమ్ము నుండే పోతుంది; విడిగా వసూలు చేయరు గనుక కంటపడదు. సెబీ ఆదేశంతో 2013 జనవరి 1 నుండి డైరెక్ట్ ప్లాన్ అందుబాటులో ఉంది.

ఉదాహరణకు, లక్ష రూపాయలపై ఏటా 12 శాతానికి బదులు 11 శాతమే వస్తే 15 ఏళ్లలో సుమారు 69 వేలు తగ్గుతాయి. సలహాకు ప్రతిఫలం పుచ్చుకోవడం తప్పు కాదు, చెప్పకపోవడం తప్పు. జంగారెడ్డిగూడెంలో మన మసీదు కమిటీలు జుమా అనంతరం ఈ లెక్క వివరించాలి. సంతకానికి ముందు "ఏ ప్లాన్? ఏటా ఖర్చెంత?" అని అడగడం మన హక్కు.