ఆదివారం ఎవరిది?

శుక్రవారం సాయంత్రం ఆఫీసు నుంచి గదికి వచ్చి చెప్పులు విప్పకముందే ఫోను మోగుతుంది. "బిడ్డా, ఐతారం ఇంటికి రా. పిల్లగాని తరఫోళ్లు వస్తున్నరు." ఈ ఆదివారం రామప్పకు పోతున్నానమ్మా అంటే అటునుంచి కాసేపు మాట ఉండదు. తర్వాత వస్తుంది అసలు ప్రశ్న: "ఎవలతోని?" ఒక్కదాన్నే అంటే నమ్మరు. స్నేహితురాళ్లతో అంటే "వాళ్లిండ్లల్ల ఎట్ల ఒప్పుకున్నరు?" అంటారు.

నాకు ముప్పై నాలుగేళ్లు. పదేళ్లుగా హనుమకొండలో ఉద్యోగం చేసుకుంటూ నా అద్దె నేను కట్టుకుంటున్నాను. తమ్ముడి కాలేజీ ఫీజు కట్టాను. నాన్న కంటి ఆపరేషన్ ఖర్చు పెట్టుకున్నాను. పెళ్లికాని ఆడపిల్ల డబ్బు అని అప్పుడెవరూ వెనక్కి తోయలేదు. నా సంపాదనకు మగతోడు అక్కర్లేదు. నా ప్రయాణానికి మాత్రం కావాలి!

ఇది నా ఒక్కదాని గోడే అయితే ఇక్కడ రాయాల్సిన పని లేదు. మన చుట్టూ ఉన్న టీచర్లను, నర్సులను, మన సంస్థల్లోనే పనిచేసే అమ్మాయిలను అడగండి. ఎంతమంది "ఆఫీసు ట్రైనింగు" అని ఇంట్లో అబద్ధం చెప్పి ఊరు దాటుతున్నారో తెలుస్తుంది. నలుగురి హక్కుల గురించి మాట్లాడగలిగిన స్త్రీ ఒక పూట లక్నవరం చెరువు గట్టున కూర్చోవడానికి అబద్ధం ఆడవలసి రావడం చిన్న విషయమా?

పెళ్లికాని స్త్రీ సెలవు రోజును ఈ సమాజం కంచె లేని చేనులా చూస్తుంది. ఎవరైనా దిగవచ్చు. పెళ్లిచూపులకు అమ్మానాన్నలు, బుద్ధులు చెప్పడానికి మేనత్తలు, "ఎక్కడికి, ఎప్పుడొస్తవు?" అని అడగడానికి ఇంటి ఓనరు. అందరూ కలిసి చెప్పే మాట ఒకటే: "పెళ్లి చేసుకో, అప్పుడు మీ ఆయనతోని యాడికన్న పో." ఈ మాటను కాస్త విప్పి చూడండి. ప్రయాణంలో వాళ్లకు తప్పేమీ కనిపించడం లేదు. అనుమతి ఇచ్చే మగవాడు లేకపోవడమే తప్పుగా కనిపిస్తోంది. పెళ్లి ఒత్తిడీ, ప్రయాణం మీద ఆంక్షలూ రెండు వేరు సమస్యలు కావు. స్త్రీ కాలానికీ శరీరానికీ యజమాని ఎవరన్నదే రెండింటిలోనూ ఉన్న ప్రశ్న.

2023 డిసెంబర్ 9న తెలంగాణలో ఆర్టీసీ పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో స్త్రీలకు ఉచిత ప్రయాణం మొదలైంది. వెంటనే ఎగతాళీ మొదలైంది. పనీపాటా లేక తిరుగుతున్నారన్నారు. 2024 ఆగస్టులో మాజీ మంత్రి కె.టి. రామారావు బస్సుల్లో బ్రేక్ డాన్సుల మాట అని, మర్నాడు విచారం వ్యక్తం చేశారు. మహిళా కమిషన్ నోటీసు ఇచ్చింది. మంచిదే. కానీ అప్పుడు మనలో చాలామంది ఇచ్చిన జవాబేమిటి? "వాళ్లు ఊరికే తిరగడం లేదు, కూలికి పోతున్నారు, ఆసుపత్రికి పోతున్నారు" అన్నాం. అంటే ఊరికే తిరగడం తప్పని మనమూ ఒప్పుకున్నట్టే కదా! దేశమంతటా స్వేచ్ఛగా సంచరించే హక్కు ఇచ్చిన రాజ్యాంగం 19వ అధికరణం "ఏం పని మీద?" అని అడగలేదు. మనమెందుకు సంజాయిషీ ఇస్తున్నాం?

"మీ భద్రత కోసమే" అంటారు. భద్రత గురించి వరంగల్‌కు ఎవరూ పాఠం చెప్పనక్కర్లేదు. 2008 డిసెంబర్‌లో ఈ ఊళ్లో ఇద్దరు ఇంజనీరింగ్ విద్యార్థినుల మీద యాసిడ్ పోశారు. ఒకమ్మాయి చనిపోయింది. వాళ్లు విహారానికి పోలేదు. కాలేజీ నుంచి ఇంటికి వస్తున్నారు. ఒకమ్మాయి ఒక మగవాడిని కాదన్నది, అంతే. ముగ్గురు నిందితులు రోజుల్లోనే పోలీసు కాల్పుల్లో చనిపోతే చాలామంది న్యాయం జరిగిందని చేతులు దులుపుకున్నారు. ఆడపిల్ల "కాదు" అంటే అది కాదే అన్న సంగతిని మాత్రం ఏ ఇంటా చర్చించలేదు. ఇంట్లో కూతురి "వద్దు"కు విలువ లేనప్పుడు, రోడ్డు మీద మగవాడు దాన్ని గౌరవిస్తాడని ఎట్లా ఆశించాలి?

ఇది కుటుంబ వ్యవహారం, మనం కల్పించుకోకూడదు అని వెనుకాడే కార్యకర్తలకు ఒక మాట. 2005 గృహహింస చట్టం భార్యలకే పరిమితం కాదు. ఒకే ఇంట్లో ఉండే కూతుళ్లకు, అక్కచెల్లెళ్లకూ వర్తిస్తుంది. 2006 నియమాల్లోని సంఘటన నివేదిక ఫారం తీసి చూడండి. ఇష్టం లేని పెళ్లికి బలవంతపెట్టడం, ఇష్టపడిన మనిషిని చేసుకోనివ్వకపోవడం, ఇల్లు కదలనివ్వకపోవడం మాటల, మానసిక హింస కింద అందులోనే ఉన్నాయి. బెదిరించి ఒప్పించి చేసిన పెళ్లిని రద్దు చేయమని, ఆ బలవంతం తొలగిన ఏడాదిలోపు హిందూ వివాహ చట్టం 12వ సెక్షన్ కింద కోర్టుకు వెళ్లవచ్చు. ఇవి మన దగ్గరికి వచ్చే అమ్మాయిల్లో ఎంతమందికి చెబుతున్నాం? "తల్లిదండ్రులు నీ మంచికే అంటున్నారు" అని సర్దిచెప్పి పంపిన కౌన్సెలింగులు మన ఖాతాలో లేవా?

మరొకటి కూడా చెప్పుకోవాలి. ఆదివారం మీటింగు ఎవరు పెట్టాలి, రాత్రి కేసుకు ఎవరు పోవాలి అన్నప్పుడు మన సంస్థల్లో కళ్లన్నీ పెళ్లికాని వాళ్ల వైపే తిరుగుతాయి. "నీకేం, ఇల్లా పిల్లలా?" అంటారు. మొగుడికోసం ఇంట్లో వాళ్లు లాక్కునే ఆదివారాన్ని ఉద్యమం పేరుతో మనం లాక్కుంటున్నాం. పెళ్లి చేసుకోని స్త్రీకీ ఒక జీవితం ఉందని ముందు మనం ఒప్పుకోవాలి.

నేను పెళ్లికి వ్యతిరేకిని కాను. ఇష్టమైన రోజున, ఇష్టమైన మనిషిని చేసుకుంటానేమో. చేసుకోకనే పోతానేమో. అది నేను తేల్చుకుంటాను. అంతదాకా నా జీవితాన్ని వెయిటింగ్ రూములో కూర్చోబెట్టే హక్కు ఎవరికీ లేదు.

ఈ నేలను ఏలిన రుద్రమకు శాసనాల్లో రుద్రదేవ మహారాజు అనే మగ పేరు ఉంది. సింహాసనం ఎక్కిన స్త్రీకే ఆనాడు మగ పేరు కావలసి వచ్చింది. ఏడు వందల ఏళ్లు దాటిన తర్వాత కూడా, హనుమకొండ బస్టాండులో బస్సు ఎక్కడానికి మనం ఇంకా ఒక మగ పేరు చెప్పాలా?