బస్తీ దగ్గు లెక్క బస్తీకే చెప్పాలి

ముసురు పట్టిందంటే చిక్కడపల్లి మెడికల్ షాపుల ముందు సాయంత్రం పూట గుంపు పెరుగుతుంది. "సర్దికి గోలీ ఇవ్వన్నా, దగ్గు తగ్గుతలేదు" అని ఒకరి వెనక ఒకరు అడుగుతుంటారు. అశోక్‌నగర్ హాస్టళ్లలో గ్రూప్స్‌కు చదివే పిల్లలు ఒక్కో గదిలో ముగ్గురు నలుగురు ఉంటారు. ఒకరికి జ్వరమొస్తే వారం తిరక్కుండా గదంతా పడకేస్తుంది. ఇదంతా కళ్ల ముందే జరుగుతున్నా, పోయినేడాది ఇదే వారంతో చూస్తే జబ్బు ఎక్కువుందో తక్కువుందో బస్తీలో ఎవరూ చెప్పలేరు. ఆ లెక్క కోసమే బర్కత్‌పుర, నారాయణగూడ, చిక్కడపల్లి, అశోక్‌నగర్ వాళ్లం ఒక్కటవుతున్నాం.

లెక్క రాసేవాళ్లు లేక కాదు. 2004లో మొదలైన సమగ్ర వ్యాధి నిఘా కార్యక్రమం కింద ఆరోగ్య కార్యకర్త చూసిన లక్షణాలు, డాక్టర్ అనుమానించిన జబ్బు, ల్యాబ్ తేల్చిన జబ్బు వేర్వేరు ఫారాల్లో పైకి వెళ్తాయి. 2021 నుంచి అవి ఆన్‌లైన్‌లోకి ఎక్కుతున్నాయి. మనం కోరంటి దవాఖానా అనే ఫీవర్ హాస్పిటల్ పక్కనే నల్లకుంటలో ఉంది. ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్ నారాయణగూడలోనే ఉంది. 2009 మే నెలలో దేశంలో తొలి స్వైన్ ఫ్లూ కేసు బయటపడింది కూడా ఈ నగరంలోనే. ఇంతా ఉండి, మన గల్లీ సంగతి పేపర్లో పడ్డాక మనకు తెలియడం అన్యాయం.

ముందే తెలిస్తే ఏం లాభమంటారా? ఫ్లూ టీకా వేసుకున్నాక రక్షణ రావడానికి దాదాపు రెండు వారాలు పడుతుంది. ఫ్లూ మందు కూడా మొదటి రెండు రోజుల్లో మొదలుపెడితేనే బాగా పనిచేస్తుంది. దమ్ము ఉన్న పెద్దవాళ్లకు, గర్భిణులకు, పసిపిల్లలకు ఆలస్యమైతే ప్రాణం మీదికొస్తుంది.

అందుకే ప్రతి సోమవారం బస్తీ దవాఖానా గోడకు ఒక బోర్డు కట్టాలంటున్నాం. పోయిన వారం ఓపీకి వచ్చిన ప్రతి నూరుమందిలో జ్వరం, దగ్గుతో వచ్చినవాళ్లెందరు, నిరుడు అదే వారం ఎందరు, ఈ రెండూ దానిమీద ఉండాలి. నూటికి ఇంత అనే రాయాలి. ఎందుకంటే పండగ సెలవుల్లో ఓపీయే పలచబడుతుంది. ఉత్త సంఖ్య చూస్తే జబ్బు తగ్గిందని మోసపోతాం. పేర్లు, ఇంటి నంబర్లు వద్దేవద్దు. ఏ వయసువాళ్లో తెలిస్తే చాలు. ఎవరికి ఏ రోగమో బయటపెట్టే బోర్డు ఏదైనా సరే, దాన్ని మేమే దింపిస్తాం.

ప్రైవేటు క్లినిక్కులు, మెడికల్ షాపులు కలిసిరాకుంటే ఈ లెక్క సగమే. వాళ్లకు కంప్యూటర్ కూడా అక్కర్లేదు. కౌంటర్ మీద ఒక నోటుబుక్కు, అందులో పిల్లలు, పెద్దలు, ముసలివాళ్లు అని మూడు గళ్లు, దగ్గు మందుకు వచ్చిన మనిషికొక గీత. శనివారం సాయంత్రం మావాళ్లు వచ్చి గీతలు కూడుకుని పోతారు.

మీ షాపులో, మీ క్లినిక్కులో, మీ హాస్టల్లో ఈ వారమే నోటుబుక్కు తెరవండి. కూడికలు వేయడానికి ఓపికున్న రిటైర్డ్ టీచర్లు, బ్యాంకు ఉద్యోగులు మాతో రండి.