ధనుర్వాతానికి మా మూఢనమ్మకాలే కారణమా?

గిరిజనుడికి ధనుర్వాతం వచ్చిందంటే చాలు, ఒక మాట తయారుగా ఉంటుంది. "పసరు పూసుంటారు, పేడ రాసుంటారు, వీళ్లకు ఎంత చెప్పినా ఇంతే." చదువుకున్నవాళ్లే ఈ మాట అంటారు. గిరిజన కుటుంబాల్లో పుట్టి కోనసీమ బడుల్లో పాఠాలు చెప్పుకుంటున్న మేము దీనికి జవాబు చెప్పదలిచాం.

గాయం మీద పేడ, మట్టి, బూడిద వేయకూడదు. అది మావాళ్లకు మేమే చెబుతాం, చెబుతూనే ఉన్నాం. కానీ జబ్బు కథ అక్కడితో అయిపోదు.

ధనుర్వాతం క్రిమి బీజాలు మట్టిలో, పశువుల పేడలో ఏళ్ల తరబడి చావకుండా ఉంటాయి. గాలి ఆడని లోతు గాయంలో పడితే అవి మొలకెత్తి విషం పుట్టిస్తాయి. విషం నరాలకెక్కితే ముందు దవడ బిగుసుకుంటుంది, తర్వాత మెడ, వెన్ను. మనిషి విల్లులా వంగిపోతాడు. తుప్పు మేకు వల్ల వస్తుందంటారు గాని, అసలు దోషం తుప్పుది కాదు, మేకుకు అంటిన మట్టిది.

మరి కోనసీమలో వట్టి కాళ్లతో మట్టిలో దిగేదెవరు? కొబ్బరి దింపుకు చెట్టెక్కేవాళ్లు, గునపం మీద కాయ ఒలిచేవాళ్లు, రొయ్యల చెరువుల్లో, ఇటుక బట్టీల్లో, లంక పొలాల్లో పనిచేసేవాళ్లు. వాళ్లలో యానాదులున్నారు, ఎరుకలవాళ్లున్నారు, మన్యం నుంచి కూలికి దిగివచ్చే కోయలు, కొండరెడ్లు ఉన్నారు, దళిత కూలీలున్నారు. ఈ గాయాలు నమ్మకాల వల్ల తగలడం లేదు, పని వల్ల తగులుతున్నాయి.

ఇంకో సంగతి గుర్తుంచుకోవాలి. ఈ జబ్బు మనిషి నుంచి మనిషికి అంటదు. అందుకే ఊళ్లో అందరూ టీకా వేయించుకున్నా, వేయించుకోని ఒక్కడికి ఆ రక్షణ దక్కదు. తట్టు విషయంలో పక్కింటివాళ్ల టీకా కొంత కాపాడుతుంది. ఇక్కడ కాపాడదు. ఒక్కసారి జబ్బు వచ్చి బతికినవాడికీ మళ్లీ రావచ్చు. ఎవరి టీకా వాళ్లకే.

తల్లీబిడ్డల ధనుర్వాతాన్ని అదుపు చేయడంలో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 2003లోనే దేశానికి దారి చూపింది. 2015లో దేశమంతా ఆ మెట్టెక్కింది. మంచి విజయమే. గర్భిణుల ఇళ్ల చుట్టూ తిరిగిన ఏఎన్ఎంలకు, ఆశాలకు దండం పెడతాం. అయితే ఆ బిడ్డ తండ్రి సంగతేమిటి? పిల్లలకు 6, 10, 14 వారాలకు, తర్వాత ఏడాదిన్నరకు, ఐదేళ్లకు టీకాలున్నాయి. 10, 16 ఏళ్లకు టీడీ ఉంది. ఆడవాళ్లకు గర్భం వచ్చినప్పుడు మళ్లీ వేస్తారు. మగవాడికి 16 దాటాక దెబ్బ తగిలేదాకా పిలుపే లేదు. 10, 16 ఏళ్ల టీకాలు బళ్లో వేస్తారు. ఐదో తరగతితో బడి మానేసి చెరువు కాపలాకు పోయిన కుర్రాడి పేరు ఆ రోజు ఎవరు పిలుస్తారు? హాజరు పట్టీలో లేనివాడు టీకా పట్టీలోనూ లేడు.

"దెబ్బ తగిలాక ఒక టీటీ పొడిపిస్తే సరి" అని మేస్త్రీ చేతులు దులుపుకుంటాడు. చిన్నప్పటి టీకాలన్నీ పడినవాడికి ఆ సూది బలాన్నిస్తుంది. ఒక్కటీ పడనివాడికి ఆ ఒక్క సూదితో రక్షణ రాదు. జబ్బు చాలామందిలో వారం పది రోజుల్లోనే బయటపడుతుంది, టీకా బలం రావడానికి అంతకంటే ఎక్కువ రోజులు పడుతుంది. అలాంటివాడికి మురికి గాయమైతే తయారుగా ఉన్న విరుగుడు, ఇమ్యునోగ్లోబ్యులిన్, కూడా ఇవ్వాలి. ఆ తర్వాత నెలకొకటి, ఆరు నెలలకు మరొకటి టీకా పూర్తి చేయాలి. వలస కూలీకి ఆ రెండో తేదీ గుర్తుచేసేదెవరు?

అందుకే అడుగుతున్నాం. బడి మానేసిన పిల్లల జాబితా ఏఎన్ఎం చేతికివ్వండి. బట్టీ దగ్గరికి, చెరువు గట్టుకు టీకా రావాలి. మగవాళ్లకూ పదేళ్లకోసారి టీడీ వేయాలి. ఎక్కడికెళ్లినా చెల్లే టీకా కార్డు చేతికివ్వాలి. సూది కోసం ఆగిన రోజుకు యజమాని కూలి కట్టివ్వాలి.

మావాళ్లకు చెప్పేదీ ఉంది. గాయాన్ని పారే నీటితో, సబ్బుతో బాగా కడగండి. కార్డును రేషన్ కార్డుతోపాటు దాచండి. నోరు తెరుచుకోవడం కష్టమైతే ఒక్క పూట కూడా ఆగకుండా 108కి ఫోన్ చేయండి.

ఇవన్నీ చేశాక కూడా మా ఇంట్లో ఎవరైనా ధనుర్వాతంతో పోతే, అప్పుడు మా పసరును తిట్టండి, వింటాం.