కాన్వెంటు బడిలో మన పిల్లల గోడు వినేదెవరు?



ఏడవ తరగతి ఫలితాలు వచ్చిన నాటి నుండి జూన్‌లో బడులు తెరిచే దాకా మన చాళ్ళలో వినబడే ప్రశ్న ఒక్కటే: పిల్లను ఎక్కడ వేయాలి? బృహన్ముంబయి నగరపాలిక ఎనిమిది మాధ్యమాలలో బడులు నడుపుతున్నది, అందులో తెలుగూ ఒకటి. అయితే కామాటిపుర, ఫోరస్ రోడ్ పిల్లలకు ఆ బాట ప్రాథమిక దశతోనే ముగిసినంత పని అవుతున్నది. ఎనిమిదవ తరగతిలో చాలామందికి బడితో పాటు భాష కూడా మారుతుంది. అప్పుడు తల్లిదండ్రుల చూపు కతోలిక ఉన్నత పాఠశాల మీదికి పోతుంది. అక్కడ ఇంగ్లీషు ఉన్నది, క్రమశిక్షణ ఉన్నది, ఆడపిల్లను నమ్మి అప్పగించదగిన సిస్టర్లు ఉన్నారు. ఈ నమ్మకం తప్పని నేననను. నా దగ్గర చదివిన పిల్లలను ఎందరినో నేనే అటు పంపినాను.

చదువుతో పాటు విద్యార్థి మనసును, ఆత్మను కూడా కనిపెట్టి చూస్తామని ఆ బడులు చెబుతాయి. ప్రార్థన ఉంటుంది, కౌన్సెలింగ్ ఉంటుంది, కష్టం వస్తే చెప్పుకోవడానికి ఒక గది, ఆ గదిలో ఒక సిస్టర్ ఉంటారు. ఇది చిన్న విషయం కాదు. మన నగరపాలిక బడులలో నలభై ఏళ్ళు వెతికినా అటువంటి గది కనబడదని మనలో మనం ఒప్పుకుందాం. అయితే ఆ సంరక్షణ పిల్లకు తెలిసిన భాషలో లేకపోతే అది పిల్ల దాకా చేరదు. చేరేటట్లు చేయమని అడగవలసినది మనం. ఇంతవరకు మనం అడగలేదు.

ఒక పిల్ల సంగతి చెబుతాను. పిల్ల పేరు, బడి పేరు వ్రాయను. తల్లి బీడీలు చుడుతుంది, తండ్రి హమాలీ పని. పిల్లను చిన్ననాటి నుండి పెంచినది నాయనమ్మ. ఎనిమిదవ తరగతి పరీక్షలు జరుగుతున్నప్పుడు ఆ అవ్వ కరీంనగర్ వైపు తమ ఊరిలో కన్ను మూసింది. పరీక్షలు పోతాయని పిల్లను పక్కింట్లో విడిచి తల్లిదండ్రులు వెళ్ళి వచ్చినారు. ఆ తరువాత పిల్ల తరగతిలో మాట్లాడడం మానేసింది. అన్నం డబ్బా తెరవకుండానే ఇంటికి తెచ్చేది.

బడివారు పట్టించుకోలేదని అనడానికి వీలు లేదు. క్లాస్ టీచర్ గమనించి కౌన్సెలింగ్ చూసే సిస్టర్ వద్దకు పంపినది. ఆ సిస్టర్ నిజంగా మంచి మనిషి. పిల్లను కూర్చోబెట్టి, మంచినీళ్ళిచ్చి, ఇరవై నిమిషాలు ఓపికగా మాట్లాడినది. ఇంగ్లీషులో మొదలుపెట్టి, కొంత హిందీలో కూడా. ఆ సాయంకాలం పిల్ల మా ఇంటికి వస్తే ఏమి చెప్పావని అడిగినాను. "ఏమని చెప్పాలె టీచర్? ఐ యామ్ ఫైన్ అని చెప్పి వచ్చిన" అన్నది.

కొంతసేపటికి, నేను టీ పెడుతుండగా, వెనుక నుండి మరొక మాట అన్నది: "అవ్వ సచ్చేటప్పుడు నోట్లె నీళ్ళు గూడ పొయ్యలేదు నేను."

మిత్రులారా, ఈ మాటను ఎనిమిదవ తరగతి పిల్ల ఏ ఇంగ్లీషు పాఠంలో నేర్చుకొని చెప్పగలదు? పదాలు దొరికినా, చివరి ఘడియలో నోట్లో నీళ్ళు పోయడం అంటే మన ఇళ్ళలో ఏమిటో, పోయలేకపోయిన మనవరాలి గుండెలో ఎంత నేరభావం గూడు కట్టుకుంటుందో, వినేవారికి తెలియాలి కదా. సిస్టర్ అడిగిన ప్రశ్నలన్నీ సరియైనవే. ఆ ప్రశ్నలకు జవాబు ఉన్న భాష ఆ గదిలో లేదు.

ఇంకొక బరువు కూడా ఆ పిల్ల మోస్తున్నది. ఎక్కడ ఉంటావని తోటి పిల్లలు అడిగితే ముంబయి సెంట్రల్ అని చెప్పేది. పిన్‌కోడ్ 400008 రెండింటికీ ఒకటే గనుక అది అబద్ధం కూడా కాదు. ఫోరస్ రోడ్ అని చెప్పవద్దని నేర్పినది ఇంటివారే. ఫోరస్ అన్నది భూమి మీద కట్టే కౌలుకు సంబంధించిన పోర్చుగీసు మాట నుండి పుట్టినది. ఆ వీధికి నేటి అధికారిక నామం ఆర్.ఎస్. నిమ్కర్ మార్గ్. కామాటిపుర అన్నది ఈ నగరంలో రాళ్ళు మోసి, గోడలు కట్టిన తెలుగు కూలీల పేరు. కామాటీలంటే మన ముత్తాతలే. అటువంటి పేరును చెప్పడానికి వారి వారసురాలు సిగ్గుపడుతున్నది. 2022లో గంగూబాయి కాఠియావాడీ చిత్రం విడుదలకు ముందు కామాటిపుర పేరును అందులో వాడరాదని బొంబాయి హైకోర్టుకు వెళ్ళినవారు ఉన్నారు, కోర్టు ఒప్పుకోలేదు. వారి బాధ నాకు అర్థమవుతుంది. కానీ తెరమీది పేరు కోసం కోర్టు మెట్లెక్కే మనం, ఆ పేరును వీపున వేసుకొని రోజూ బడికి పోయే పిల్లతో ఎన్నడైనా కూర్చొని మాట్లాడినామా?

ఇక్కడ కొందరు పెద్దలు నన్ను ఆపుతారు. "టీచరమ్మా, ఆ సిస్టర్ల ఓదార్పులు మనకు ఎందుకు? నేడు కన్నీళ్ళు తుడుస్తారు, రేపు మెడలో సిలువ వేస్తారు" అంటారు. వారికి నా జవాబు సూటిగా ఉంటుంది. మన రాజ్యాంగం 28వ అధికరణం మూడవ ఖండం ప్రకారం, ప్రభుత్వ గుర్తింపు గాని సహాయం గాని ఉన్న ఏ విద్యాలయంలోనూ మతబోధలో, ఆరాధనలో పాల్గొనమని విద్యార్థిని నిర్బంధించరాదు. పిల్లలు మైనర్లయితే సంరక్షకుల సమ్మతి ఉండాలి. సమ్మతి తెలిపే సంతకం మీ చేతిలో ఉన్నది. ప్రవేశ పత్రంలో దేని కింద సంతకం పెట్టినారో చదివించుకొని చూసినారా? చదవకుండా సంతకం పెట్టి, తరువాత చాళ్ళ మెట్ల మీద కూర్చొని అనుమానపడడం పెద్దరికం కాదు.

పైగా ఆ బడులలో జరుగుతున్నది ఏమిటి? సాధారణంగా కతోలిక పిల్లలను సత్యోపదేశం తరగతికి పంపుతారు, మిగిలినవారికి ఆ గంటలో మోరల్ సైన్స్ చెబుతారు. కతోలిక పిల్లకు గుడి ఉన్నది, గురువు ఉన్నాడు, పాపసంకీర్తనకు గడప ఉన్నది, ఇంట్లో అదే ప్రార్థన తెలిసిన తల్లి ఉన్నది. బతుకమ్మ ఆడి వచ్చిన మన పిల్ల చేతిలో ఒక పుస్తకం ఉంటుంది: నిజం చెప్పవలెను, పెద్దలను గౌరవించవలెను. తండ్రి తాగి వచ్చి కొట్టే ఇంటి పిల్లకు 'పెద్దలను గౌరవించవలెను' అన్న పాఠం ఒక్కటే మందు అయితే, ఆ మందు వికటించక ఏమవుతుంది? మన పెద్దలు భయపడేది మతం ఎక్కువవుతుందని. నేను చూస్తున్నది ఆ గంటలో మన పిల్లను ఎవరూ పట్టించుకోకపోవడం.

బడి యాజమాన్యాలకు కూడా ఒక మాట. తల్లిభాషలో వినండి అని మేము అడుగుతున్నది మీకు పరాయి కోరిక కాదు. మీ సంప్రదాయంలోనిదే. 17వ శతాబ్దం చివర ఫ్రాన్సులో పేద పిల్లలకు చదువు లాటిన్‌తో మొదలుపెట్టే ఆచారాన్ని కాదని, వారు ఇంట్లో మాట్లాడే ఫ్రెంచిలోనే ముందు చదవడం నేర్పించినవాడు జాన్ బాప్టిస్ట్ ద లసాల్. అతనిని 1950లో పన్నెండవ పయస్ పోపుగారు ఉపాధ్యాయుల పాలక పునీతునిగా ప్రకటించినారు. 18వ శతాబ్దంలో తెలుగు దేశానికి వచ్చిన ఫ్రెంచి జెసూట్ గురువు కేర్దూ తెలుగు, సంస్కృతం నేర్చుకొని, సంస్కృతానికి గ్రీకు, లాటిన్లతో గల చుట్టరికాన్ని 1760లలోనే పారిస్ పండితులకు వ్రాసి పంపినాడు. 1963 డిసెంబరులో రెండవ వాటికన్ మహాసభ పూజలోనే ప్రజల భాషలకు చోటిచ్చినది. 1965 అక్టోబరు 28న వెలువడిన విద్యా ప్రకటనలో, పేదలకు, కుటుంబ ఆదరణ లేనివారికి, అన్య విశ్వాసులకు చెందిన పిల్లలను ప్రత్యేకంగా పట్టించుకోవాలని చెప్పినది. మాహిం గుడిలో 1948 నుండి జరుగుతున్న బుధవారం నొవేనాను చూడండి. ఇంగ్లీషుతో పాటు మరాఠీ, హిందీ, కొంకణి భాషలలోనూ అక్కడ ప్రార్థనలు జరుగుతాయి. మన చాళ్ళ స్త్రీలు కూడా పోయి కొవ్వొత్తి వెలిగించి వస్తారు. ఏడ్చేవారికి వారి భాష కావాలని గుడికి తెలిసినప్పుడు బడికి తెలియకపోవడం ఏమిటి?

"ఒక్క తరగతిలో తెలుగు, తమిళం, ఉర్దూ, గుజరాతీ, మరాఠీ పిల్లలుంటారు. ఒక్క సిస్టర్ ఇన్ని భాషలు నేర్వగలదా?" అని ఒక ప్రధానోపాధ్యాయిని నన్ను అడిగినారు. న్యాయమైన ప్రశ్నే. నేర్వనక్కరలేదు. ఆంధ్ర, తెలంగాణ ప్రాంతాల నుండి మఠాలలో చేరిన సోదరీమణులు ఎందరో ఉన్నారు. నెలకు రెండు పర్యాయాలు ఒకరు వచ్చి కూర్చుంటే చాలు. వారు దొరకకపోతే మన పాత విద్యార్థినులు, పదవీ విరమణ చేసిన తెలుగు ఉపాధ్యాయులు ఉన్నారు. తోటి విద్యార్థి చేత మాత్రం తర్జుమా చేయించవద్దు. పక్కింటివారిని, తల్లిని కూడా ముందే పిలిపించవద్దు. పిల్ల దాచుకున్నది వారి సంగతే కావచ్చు.

ఇది దయాదాక్షిణ్యాల విషయం మాత్రమే కాదని గుర్తుంచుకోండి. 2012 నాటి పోక్సో చట్టం 19వ సెక్షను ప్రకారం, పిల్లల మీద లైంగిక నేరం గురించిన ఫిర్యాదును పిల్లకు అర్థం కాని భాషలో నమోదు చేస్తున్నప్పుడు, అవసరమైతే దుబాసీని ఏర్పాటు చేయాలి. పోలీసు ఠాణాలో పిల్లకు ఆ హక్కు ఉన్నది. ఠాణా దాకా పోవలసిన సంగతి ఏదైనా ఉంటే అది ముందుగా బయటపడవలసినది బడిలోని ఆ చిన్న గదిలో. అక్కడ "ఐ యామ్ ఫైన్" తో తలుపు మూసుకుంటే ఠాణాలోని దుబాసీ ఎవరికి?

ఒక చిన్న విశేషం చెప్పి ముందుకు పోతాను. మన దేశంలో సామాజిక సేవను శాస్త్రంగా బోధించిన తొలి విద్యాలయం 1936లో మొదలైనది ఎక్కడో కాదు, మనకు కాలినడక దూరంలోని నాగ్‌పాడాలో, క్లిఫర్డ్ మాన్షార్ట్ అనే అమెరికన్ మిషనరీ నడిపిన నైబర్‌హుడ్ హౌస్‌లో. నేటి టాటా ఇన్‌స్టిట్యూట్‌కు అదే పుట్టిల్లు. బాధలో ఉన్నవాని మాట ఎలా వినాలో దేశానికి నేర్పిన వాడ పక్కన నివసిస్తున్నాము మనము.

ఇక మన తప్పుల సంగతి. బడులను అడిగే ముందు దీనికి జవాబు చెప్పాలి.

తల్లిదండ్రులారా, కాన్వెంటులో సీటు దొరకగానే ఇంట్లో తెలుగు మాట్లాడవద్దని పిల్లలకు ఆంక్ష పెడుతున్నది మీరే. మీకు వచ్చిన నాలుగు ఇంగ్లీషు ముక్కలతో పిల్లను పలకరిస్తున్నారు, పిల్ల తనకు వచ్చిన పది ముక్కలతో జవాబిస్తున్నది. ఆ పద్నాలుగు ముక్కలలో ఏ దుఃఖం ఇముడుతుంది? ఆ పిల్ల తల్లిని నేను అడిగినాను, అవ్వ పోయిన తరువాత పిల్లతో ఒక్కసారైనా ఆమె గురించి మాట్లాడినారా అని. "సదువు పాడైతదని ఎత్తలేదు మేడం" అన్నది. ఆమెను నిందించలేకపోయినాను. రోజుకు ఎన్ని బీడీలు చుడితే ఇల్లు గడుస్తుందో నాకు తెలుసు.

ఉపాధ్యాయ మిత్రులారా, మనం మరీ అన్యాయం. ఏడవ తరగతి దాకా 'నా పిల్ల' అంటాము, దాఖలా పత్రం చేతిలో పెట్టినాక వెనుదిరిగి చూడము. పిల్లలు తగ్గిపోతున్నారని, తెలుగు బడులు మూతబడతాయని సభలు పెట్టుకొని దండలు వేసుకుంటాము. వెళ్ళిపోయిన పిల్లలు ఎలా ఉన్నారో కనుక్కోవడానికి ఒక్క సభ పెట్టినామా? భాషను కాపాడడమంటే పద్యాల పోటీలే అని ఎవరు చెప్పినారు? పిల్ల తన కష్టం చెప్పుకోవడానికి పనికిరాని భాషను పోటీల కోసం బ్రతికించి ఏమి చేస్తాము? నేనూ ఈ నిందలో భాగస్వామినే. ఆ పిల్ల తనంతట తాను మా గుమ్మం ఎక్కకపోయి ఉంటే నాకూ తెలిసేది కాదు.

ఆ మరునాడు నేను సిస్టర్‌ను కలిసినాను. పిల్ల అనుమతి అడిగి, అవ్వ పోయిన సంగతి, నీళ్ళ సంగతి చెప్పినాను. ఆమె చాలాసేపు మాట్లాడలేదు. తరువాత, బడి తరఫున ఏమి చేయవచ్చని అడిగినది. పిల్లను సెలవులలో ఊరికి పంపమని తల్లిదండ్రులకు బడి నుండి ఒక మాట చెప్పించమన్నాను. చెప్పినది. దీపావళి సెలవులలో పిల్ల ఊరికి పోయి వచ్చినది.

ఇప్పుడు ప్రతి శుక్రవారం మధ్యాహ్నం బడి వదిలే వేళకు నేను ఆ బడి వరండాలో, ప్రార్థనా మందిరం పక్కన ఉన్న బల్ల మీద కూర్చుంటున్నాను. మొదటి మూడు వారాలు ఎవరూ రాలేదు. నాలుగవ వారం తొమ్మిదవ తరగతి అబ్బాయి ఒకడు వచ్చి, తెలుగు పత్రిక ఏదైనా ఉందా అని అడిగి, పక్కన కూర్చున్నాడు. పత్రిక తెరవనే లేదు. బైకలా, మజగాఁవ్ వైపు బడులలో కూడా మన పిల్లలు ఉన్నారు. అక్కడి ప్రధానోపాధ్యాయులతో మాట్లాడడానికి నేను సిద్ధం, కూర్చోవడానికి మాత్రం నా ఒక్కదాని వల్ల కాదు. మంగళవారం గాని బుధవారం గాని ఒక గంట ఇవ్వగలిగిన తెలుగు ఉపాధ్యాయులు, రిటైరైనవారైనా సరే, నాకు తెలియజేయండి. జూన్‌లో బడులు తెరవకముందే మాట్లాడుకోవాలి.